పంతులుగారి ఇల్లు పదిలమేనా?

1881 డిసెంబరు 11. రాజమండ్రిలో ఓ ఇంట పెళ్లి. పెళ్లన్నాక వంటవాళ్లు రావాలి. రాలేదు. నీళ్లు మోసేవాళ్లు రావాలి. వాళ్లూ రాలేదు. ఆ ఇంటి ఇల్లాలు రాజ్యలక్ష్మమ్మ తానే బిందె పట్టుకుని గోదావరికి వెళ్లి నీళ్లు తెచ్చుకున్నారు. తానే పొయ్యి వెలిగించి వంట చేశారు. వీధిలో ఒకటే గుసగుసలు. గుమ్మం దగ్గర అల్లరి మూకలు రాకుండా కుర్రాళ్ల కాపలా. లోపల పెళ్లికొడుకు గోగులపాటి శ్రీరాములు. పెళ్లికూతురు గౌరమ్మ. ఆ అమ్మాయికి అది రెండో పెళ్లి. ఊరి కోపమంతా దానికే!

తెలుగునాట జరిగిన తొలి వితంతు వివాహం అది. జరిపించినాయన కందుకూరి వీరేశలింగం పంతులు. జరిగింది ఏ గుళ్లోనో సత్రంలోనో కాదు, సొంత ఇంట్లో. రాజమండ్రి వంకాయలవారి వీధిలో పంతులుగారి జన్మగృహంగా చెప్పే ఇల్లు ఈనాటికీ ఉంది. ఆ పెళ్లి జరిగిందీ అక్కడేనని ఊళ్లో పెద్దలు చెప్పుకుంటారు. రాష్ట్ర పురావస్తు శాఖ దాన్ని రక్షిత కట్టడంగా తీసుకుని స్మారక గృహంగా ఉంచింది. ఏటా ఏప్రిల్‌ 16న జయంతి రోజున దండలు పడతాయి, ప్రసంగాలు నడుస్తాయి. అదే రోజును తెలుగు నాటకరంగ దినోత్సవంగా కూడా జరుపుకుంటారు కాబట్టి సందడి కాస్త ఎక్కువే. మరి మిగతా 364 రోజులూ? ఓ బడిపిల్లాడు వచ్చి ‘ఈ పాత ఇంట్లో ఏముందండీ చూడ్డానికి?’ అని అడిగితే ఏం చెప్పాలి?

చెప్పడానికి చాలానే ఉంది.

ఆనకట్ట ఈడువాడు

వీరేశలింగం పుట్టింది 1848 ఏప్రిల్‌ 16న. తల్లి పున్నమ్మ, తండ్రి సుబ్బారాయుడు. పూర్వీకులది కందుకూరు కావడంతో ఇంటిపేరు అదే అయింది. సరిగ్గా ఆయన పుట్టేనాటికి ఊరికి దిగువన ధవళేశ్వరం దగ్గర కాటన్‌ దొర ఆనకట్ట కడుతున్నాడు. 1847లో మొదలైన పని 1852లో పూర్తయింది. అంతకుముందు కరవులతో, వరదలతో అల్లాడిన గోదావరి సీమ ఆ తర్వాత ధాన్యాగారమైంది. కాలవ నీళ్లతో పాటు డబ్బూ, బడులూ, ఇంగ్లిషు చదువులూ, కోర్టులూ వచ్చాయి. ఆచారాలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.

పసితనంలోనే మశూచి సోకి బతికి బయటపడ్డాడు. నాలుగేళ్లకే తండ్రి పోయాడు. పెదనాన్న వెంకటరత్నం, నాయనమ్మ పెంచారు. అయిదో ఏట బడి. బాలరామాయణం, అమరం, సుమతీ శతకం, కృష్ణ శతకం... అప్పటి వీధి బడుల్లో అందరు పిల్లలూ వల్లె వేసినవే ఆయనా వల్లె వేశాడు. పన్నెండో ఏట ఇంగ్లిషు చదువుకు వెళ్లాడు. 1861లో, పదమూడో ఏట, పెళ్లి. పెళ్లికూతురు బాపమ్మకు ఎనిమిదేళ్లు. ఆమే తర్వాతి రాజ్యలక్ష్మమ్మ.

ఇక్కడ ఓ క్షణం ఆగాలి. బాల్యవివాహాల మీద జీవితమంతా పోరాడిన మనిషి తానే బాల్యవివాహం చేసుకున్నవాడు. అది ఆయన తప్పు కాదు, ఆ ఇంటి తప్పూ కాదు. ఆ కాలంలో అలాంటి ప్రతి ఇంట్లోనూ జరిగిందే. కానీ ఆ ఇంటిని చూపించేటప్పుడు ఈ సంగతి దాచిపెడితే సగం కథ పోయినట్టే. ఎనిమిదేళ్ల పిల్ల కాపురానికని అడుగుపెట్టిన గడపలోంచే ఇరవై ఏళ్ల తర్వాత గౌరమ్మ మెడలో మంగళసూత్రంతో బయటికి వచ్చింది. మార్పు ఎక్కడ మొదలైందో, ఎంత దూరం వచ్చిందో ఒకే గుమ్మం దగ్గర చూపించగలిగే ఇళ్లు దేశంలో ఎన్ని ఉంటాయి?

కేశవచంద్ర సేన్‌ పుస్తకాలు చదివాక కుర్రవాడి ఆలోచన మారింది. దయ్యాలూ భూతాలూ లేవని చూపించడానికి అర్ధరాత్రి శ్మశానానికి వెళ్లేవాడు. 1867లో పెదనాన్న పోయాక సర్కారు కొలువు కోసం ప్రయత్నించి, లంచం ఇవ్వనిదే పని కాదని తెలిసి ఆ ఉద్యోగమే వద్దనుకుని పంతులయ్యాడు. తర్వాత ఆయన పత్రిక ‘వివేకవర్ధని’ లంచగొండుల మీద అంతగా విరుచుకుపడిందంటే ఈ అనుభవం ఊరికే పోలేదన్నమాట. 1874లో మొదలైన ఆ పత్రికను తొలుత మద్రాసులో అచ్చువేయించి, తర్వాత రాజమండ్రిలోనే సొంత అచ్చుయంత్రం పెట్టుకున్నారు. అదే ఏడాది ధవళేశ్వరంలో బాలికల పాఠశాల తెరిచారు. ఆడపిల్లకు అక్షరాలు నేర్పితే అరిష్టమనే రోజులవి.

చట్టం ఉంది... చోటే లేదు

హిందూ వితంతువుల పునర్వివాహానికి చట్టం వచ్చింది 1856లో. ఈశ్వరచంద్ర విద్యాసాగరుడి పోరాట ఫలం అది. ఆ ఏడాది డిసెంబరులోనే కలకత్తాలో తొలి పెళ్లి జరిగింది. అంటే గౌరమ్మ పెళ్లినాటికి చట్టానికి పాతికేళ్లు! కాగితం మీద హక్కు ఉంది. పెళ్లి చేసుకోవడానికి మాత్రం పందిరి వేసే జాగా లేదు, మంత్రం చదివే పురోహితుడు దొరకడు, విస్తరి వేసే మనిషి రాడు.

1879లో పంతులుగారు వితంతు వివాహాల మీద రాజమండ్రిలో బహిరంగంగా ఉపన్యసించారు. పండితులు శాస్త్రాలతో ఎదురు దిగారు. ఆయనా శాస్త్రాలతోనే జవాబు చెప్పారు. వాదాలు ఎన్నైనా చేయొచ్చు, ఒక్క పెళ్లి జరగాలిగా! కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్య డబ్బు సాయానికి ముందుకొచ్చారు. బసవరాజు గవర్రాజు వంటి శిష్యులు వెంట నిలిచారు. చివరికి చోటిచ్చింది ఎవరయ్యా అంటే... పంతులుగారి ఇల్లే.

ఆ పెళ్లికి వెళ్లినవాళ్లను వెలివేశారు. భయపడి ప్రాయశ్చిత్తం చేయించుకుని మళ్లీ కులంలో కలిసినవాళ్లూ ఉన్నారు. శుభకార్యాలకు పిలుపులు బంద్‌. అయినా ఆగలేదు. మరికొన్ని రోజులకే ఇంకో పెళ్లి. మొత్తం మీద నలభై దాకా జరిపించారంటారు. ‘దక్షిణాది విద్యాసాగరుడు’ అన్న పేరు ఊరికే రాలేదు.

ఆ తర్వాత 1890లో రాజమండ్రిలో టౌన్‌హాలు కట్టించారు. జనం కులంతో పని లేకుండా ఒకచోట కూర్చుని మాట్లాడుకోవడానికి ఓ కప్పు ఉండాలని, సొంత ఇంటిని సభాస్థలిగా వాడుకున్నాయనకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది!

అట్లాంటాలో ఏం చేశారు?

అమెరికా నల్లజాతి హక్కుల నేత మార్టిన్‌ లూథర్‌ కింగ్‌ 1929 జనవరి 15న అట్లాంటా నగరంలో ఆబర్న్‌ అవెన్యూ 501వ నంబరు ఇంట్లో పుట్టాడు. అది వాళ్ల తాతగారి ఇల్లు. పన్నెండో ఏడు దాకా అక్కడే పెరిగాడు. 1980లో ఆ ఇంటినీ చుట్టుపక్కల వీధినీ కలిపి జాతీయ చారిత్రక స్థలంగా ప్రకటించారు. గమనించాల్సింది ఇదే... ఒక్క ఇంటిని కాదు, వీధినే! పొరుగిళ్లు, ఆయన ప్రసంగించిన చర్చి అన్నీ అందులోకి వచ్చాయి. కుటుంబ సభ్యుల జ్ఞాపకాల సాయంతో సామాన్లు అమర్చారు. కొద్దిమందిని మాత్రమే జట్టుగా లోపలికి తీసుకెళ్లి ఓ ఉద్యోగి కథ చెబుతూ తిప్పేవారు. ఆ కథలో ‘మహానాయకుడు’ కాదు, పియానో పాఠాలంటే గిట్టక పంతులు కూర్చునే స్టూలు కాళ్లు వదులు చేసిన అల్లరి పిల్లాడు కనబడేవాడు. పిల్లలకు అదే గుర్తుంటుంది. 2023 డిసెంబరులో ఒకామె ఆ ఇంటి మీద పెట్రోలు పోసి తగలబెట్టబోతే, ఆపింది అక్కడికి చూడ్డానికొచ్చినవాళ్లే.

మన దేశంలోనే, పుణెలో జ్యోతిరావు ఫులే ఇల్లు ఉంది. అంటరానివాళ్లంటూ దూరం పెట్టినవాళ్ల కోసం 1868లో ఆయన తన ఇంటి నీళ్ల తావును తెరిచాడు. ఫులే వాడకు వెళ్లినవాళ్లు ఆ బావినే ముందు చూస్తారు. గోడల మీద వంద పటాలు వేలాడదీసినా ఆ ఒక్క బావి చెప్పినంత చెప్పలేవు. అదే పుణెలో మరో కథ ఉంది, అంత సంతోషంగా లేనిది. ఫులే దంపతులు ఆడపిల్లలకు తొలి బడి పెట్టిన భిడే వాడ. ఆ బడి పెట్టింది కూడా 1848లోనే, వీరేశలింగం పుట్టిన ఏడు! దుకాణాలూ, అద్దెదారులూ, కోర్టు కేసుల మధ్య ఏళ్లూ పూళ్లూ గడిచి భవనం శిథిలమైంది. చివరికి సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 2023 డిసెంబరులో స్మారకం కట్టడం కోసమని దాన్ని కూల్చేశారు. కొత్త స్మారకం ఎంత ఘనంగా కట్టినా, సావిత్రిబాయి నడిచిన మెట్లు అవి కావు కదా!

మన ఉత్తరాంధ్రలో చూస్తే విజయనగరంలో గురజాడ ఇల్లు స్మారకంగా నిలిచింది. ‘కన్యాశుల్కం’ చదివినవాళ్లు ఆ ఇంటికి వెళ్తే గిరీశం ఎటునుంచో చుట్ట కాలుస్తూ వస్తాడేమోననిపిస్తుంది. రచయిత ఇంటికి ఉండే సౌకర్యం అది. వీరేశలింగమూ రచయితే. నూరుకు పైగా పుస్తకాలు రాశారు. కానీ ఆయన ఇంటికి వెళ్లేవాళ్లు పుస్తకాన్ని కాదు, ఓ పెళ్లిని ఊహించుకోవాలి. దానికి సాయం కావాలి.

సున్నమా, సిమెంటా?

పాత ఇంటిని నిలబెట్టడం కొత్త ఇల్లు కట్టినంత తేలిక కాదు. గోదావరి ప్రాంతంలో ఆ కాలపు ఇళ్లు ఇటుకా, డంగు సున్నం, టేకు దూలాలు, పెంకు కప్పుతో కట్టినవి. గానుగలో నలిగిన సున్నంలో కరక్కాయ, బెల్లం నీళ్లు కలిపి గోడకు పూసేవారు. ఆ గోడ ఊపిరి తీసుకుంటుంది. వానాకాలంలో పీల్చుకున్న చెమ్మను ఎండాకాలంలో వదిలేస్తుంది. అలాంటి గోడకు పగులు వచ్చిందని సిమెంటు పూస్తే? చెమ్మ లోపలే చిక్కుకుంటుంది. నాలుగేళ్లకు ఉప్పు తేలి పెచ్చులూడుతుంది. ‘బాగు చేశాం’ అనుకున్నదే ఇంటికి చేటవుతుంది. పైన ప్లాస్టిక్‌ రంగు కొడితే మరీ దారుణం. దూలాలకు చెద, పెంకుల మధ్య కోతులూ పిల్లులూ చేసే రంధ్రాలు, ఎత్తు పెంచుకుంటూ పోయే రోడ్డు, దాంతో గుమ్మం లోపలికి వచ్చే వాననీరు... డెల్టాలో పాత ఇల్లున్న ఎవరినడిగినా ఈ జాబితా చెబుతారు.

రక్షిత కట్టడమని ప్రకటిస్తే ఇష్టం వచ్చినట్టు కూల్చడానికీ మార్చడానికీ వీల్లేదు. 1960 నాటి రాష్ట్ర చట్టం అండగా ఉంది. కానీ చట్టం గోడకు సున్నం వేయదు. అందుకు సున్నం పని తెలిసిన మేస్త్రీ కావాలి. ఇప్పుడు అలాంటి మేస్త్రీని వెతికి పట్టుకోవడమే పెద్ద పని. ఏడాదికోసారి పెంకు సర్దే మనిషీ, నెలకోసారి దూలం తట్టి చూసే మనిషీ ఉంటే లక్షల ఖర్చు తప్పుతుంది. జయంతికి ముందు వారం హడావుడిగా వేసే రంగు వల్ల ఇల్లు ఫొటోలో బాగుంటుందంతే.

ఇంకో చిత్రం ఉంది. ఆ కాలపు ఇల్లు లోపల ఎలా ఉండేదో తెలుసుకోవడానికి పురావస్తు శాఖ ఎక్కడికో వెళ్లనక్కర్లేదు. వీరేశలింగమే రాసిపెట్టారు! ఆయన ‘రాజశేఖర చరిత్రము’ మొదలయ్యేదే ధవళేశ్వరం వర్ణనతో, రాజశేఖరుడి ఇంటి వర్ణనతో. ఆ నవలను హచిన్‌సన్‌ దొర ‘ఫార్చ్యూన్స్‌ వీల్‌’ పేరుతో 1887లోనే ఇంగ్లిషులోకి మార్చాడు. ఆయన ‘స్వీయచరిత్రము’ ఉండనే ఉంది. రెండూ ఎదురుగా పెట్టుకుంటే అప్పటి అరుగు ఎలా ఉండేది, పెద్దలు ఎక్కడ కూర్చునేవారు, పిల్లలు ఎక్కడ చదువుకునేవారు అన్నీ ఊహకు అందుతాయి. పాత పత్రికలకు పేరుపడ్డ గౌతమీ గ్రంథాలయం అదే ఊళ్లో ఉంది. రాళ్లబండి సుబ్బారావు మ్యూజియమూ అదే ఊళ్లో ఉంది. కావాల్సిందల్లా వీటిని ఒక తాటి మీదికి తెచ్చే పూనిక.

ఇది ఆమె ఇల్లు కూడా

బోర్డు మీద పేరు పంతులుగారిది. కానీ ఆ ఇంటి భారం ఎవరు మోశారు? పుట్టింటివాళ్లూ, అయినవాళ్లూ దూరమైనప్పుడు, వంటమనిషి మానేసినప్పుడు, బావి దగ్గర నలుగురూ ముఖం తిప్పుకున్నప్పుడు ఆ నొప్పి ముందు తగిలేది ఇంట్లో ఆడమనిషికే. పంతులుగారు వాదాలు గెలిచి ఇంటికొస్తే ఆశ్రయం కోసం వచ్చిన వితంతువులకు అన్నం పెట్టింది రాజ్యలక్ష్మమ్మ. వారికి సంతానం లేదు. ఆ ఇంటికి వచ్చిన ఆడపిల్లలే ఆమెకు బిడ్డలయ్యారు. 1910లో ఆమె కన్నుమూశారు. రాజమండ్రిలో మహిళా కళాశాలకు ఆమె పేరుంది, సంతోషమే. జన్మగృహంలో మాత్రం ఆమె వంటిల్లే ముఖ్యమైన గది కావాలి. నీళ్ల బిందె ఒకటి పెట్టి, పక్కన 1881 డిసెంబరు 11 అని రాస్తే చాలు, వచ్చిన పిల్లలు ‘ఎందుకు?’ అని అడుగుతారు.

ఆ ఇంటికి వచ్చి పెళ్లి చేసుకుని వెళ్లిన ఆడవాళ్ల సంగతో? గౌరమ్మ పేరు పరీక్షల కోసం చదివే గైడ్లలో ఒక్క ముక్కగా మిగిలింది. ఊరంతటికీ ఎదురొడ్డి పీటల మీద కూర్చున్న పిల్ల ఆమె. ఆమెకో గోడైనా కేటాయించాలి కదా!

ఇళ్లు నిలబెట్టడంలో ఇంకో చేదు నిజం కూడా ఉంది. నిలిచేవి ఇటుకతో కట్టిన ఇళ్లే. అదే రాజమండ్రిలో ‘జయభేరి’ పత్రిక నడిపి, దళితుల పక్షాన గొంతెత్తిన కుసుమ ధర్మన్న ఉన్నారు. గోదావరి లంకల్లో, పేటల్లో పుట్టి హక్కుల కోసం నిలబడిన వాళ్లు ఎందరో. తాటాకు కప్పు, మట్టి గోడ ఏ వరదకో, ఏ తుపానుకో పోతాయి. దస్తావేజు ఉండదు, పటం ఉండదు. పురావస్తు శాఖ రక్షించడానికి కట్టడమంటూ మిగలదు. అలాంటి వాళ్ల జ్ఞాపకానికి పంతులుగారి ఇంట్లోనే ఓ గది ఇస్తే ఆయన కాదంటారా?

ఆస్తంతా రాసిచ్చేశారు

వీరేశలింగం 1906లో హితకారిణీ సమాజాన్ని స్థాపించి తన యావదాస్తినీ దానికి రాసిచ్చారు. ఆయన పేర, రాజ్యలక్ష్మమ్మ పేర రాజమండ్రిలో ఉన్న కళాశాలలకు మూలం అదే. 1919 మే 27న మద్రాసులో కొమర్రాజు లక్ష్మణరావు పంతులు ఇంట కన్నుమూశారు. పుట్టిన ఇంటికి వందల మైళ్ల దూరాన. తనకంటూ ఏమీ అట్టిపెట్టుకోని మనిషి ఇంటికి వారసులు ఎవరంటే... ఊరే.

ఊరు 2015లో పాత పేరు రాజమహేంద్రవరానికి మారింది. 2022 నుంచి తూర్పు గోదావరికి జిల్లా కేంద్రమూ అయింది. 2027లో మళ్లీ పుష్కరాలు. లక్షల మంది వస్తారు. స్నానం చేసి, కోటిలింగాల రేవు, ఇస్కాన్‌ మందిరం, ధవళేశ్వరంలో కాటన్‌ మ్యూజియం చూసి వెళ్తారు. ఆ జాబితాలో వంకాయలవారి వీధిని చేర్చడానికి పెద్ద బడ్జెట్‌ అక్కర్లేదు. స్టేషన్‌లో ఒక బోర్డు, రేవుల దగ్గర ఒక బోర్డు, ఇంట్లో కథ చెప్పగల మనిషి ఒకరు. ఒక్క పూటలో నడక పెట్టుకోవచ్చు కూడా. పుట్టిన ఇల్లు, ఇన్నీసుపేట, ఆయన కట్టించిన టౌన్‌హాలు, చివరికి దంపతుల సమాధులున్న ఆనంద గార్డెన్స్‌.

సెలవు రోజుల్లో బయల్దేరేవాళ్లు ముందుగా వేళలు కనుక్కుని వెళ్లడం మంచిది. పిల్లలుంటే గోదావరి గట్టు నుంచి ఆ ఇంటి దాకా నడిపించండి. నిండు బిందెతో ఆ దూరం ఎంతో వాళ్లకే తెలుస్తుంది.